ముక్కు వెనక కోపం

మనిషి ఉన్నట్టుండి మారిపోతే బుద్ధిని తిడతాం, లేదంటే గ్రహాలను తిడతాం. తల మధ్యలో శనగగింజంత గ్రంథి ఒకటుంది. దాని దగ్గర గడ్డ మొలిచినా మనిషి అలాగే మారతాడు. ఆ సంగతి ఇంట్లోవాళ్లకే కాదు, ఒక్కోసారి డాక్టర్లకూ ఏళ్ల తరబడి తట్టదు.

జాకెట్లు కుట్టే ఆవిడే మొదట గమనించింది. "ఏంటక్కా ఈ కొలతలు! నడుం దగ్గర రెండంగుళాలు వదలాల్సొస్తోంది, చేతుల దగ్గరేమో బిగించాల్సొస్తోంది" అంది. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

ఇంట్లోవాళ్లు గమనించింది వేరు. నలభై దాటిన ఆ ఇల్లాలికి ఏడాదిగా కోపం ముక్కు మీదే ఉంటోంది. పులుసులో ఉప్పు తగ్గిందని భర్త అన్నందుకు గిన్నె ఎత్తి సింకులో కుమ్మరించింది. ఆ తర్వాత గంటసేపు వెక్కివెక్కి ఏడ్చింది. రాత్రి మూడింటికి లేచి అలమరలు తుడుస్తుంది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతుంది. నేల మీద కూర్చుంటే చెయ్యి ఊతం లేకుండా లేవలేకపోతోంది. బీపీ మాత్ర వచ్చింది, ఆ వెనకే షుగరు మాత్ర వచ్చింది. చుట్టాలు చూసి, "ఒళ్లు చేసింది, మొహం నిండుగా ఉంది, ఏం తక్కువైందని ఈ ఏడుపు?" అన్నారు. ఆడపడుచు తాయెత్తు తెచ్చింది. ఎవరో నిద్రమాత్ర రాశారు.

ఈ ఇల్లాలు ఏ ఒక్కరో కాదు. కుషింగ్స్ అనే జబ్బుకు వైద్య గ్రంథాలు చెప్పే లక్షణాలను తెచ్చి మనకు తెలిసిన ఒక ఇంట్లో పెడితే ఇలాగే ఉంటుంది. కోపానికి ఒక డాక్టరు, షుగరుకు ఒక డాక్టరు, మోకాళ్లకు ఒక డాక్టరు. ముగ్గురి చీటీలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. కోపం ముక్కు మీద ఉందనుకున్నారు గానీ, అది పుట్టింది ముక్కు వెనక.

అరగ్రాము పెత్తనం

ముక్కు రంధ్రాల్లోంచి తిన్నగా వెనక్కి, కపాలం అడుగుదాకా వెళ్తే ఎముకలో చిన్న గుంట ఉంటుంది. గుర్రపు జీనులా ఉందని పాతకాలపు శరీరశాస్త్రజ్ఞులు దానికి 'టర్కీ జీను' అని పేరు పెట్టారు. ఆ జీను మీద కూర్చున్న రౌతు పిట్యుటరీ. మన పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథి. బరువు సుమారు అరగ్రాము. థైరాయిడ్, అడ్రినల్, అండాశయాలు, వృషణాలు, అన్నిటికీ హుకుం ఇక్కడినుంచే వెళ్తుంది. ఎదుగుదల, పాలు పడటం, మూత్రం పలచబడటం, చిక్కబడటం కూడా దీని లెక్కలోవే.

దీనికి పైన హైపోథలామస్ ఉంటుంది. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, ఉద్రేకం దాని చేతిలో ఉంటాయి. ముందువైపు పైన రెండు కళ్ల నరాలు కలుసుకునే కూడలి. ఇంకాస్త ముందుకు వెళ్తే మంచిచెడ్డలు ఆలోచించే ముందు మెదడు అడుగుభాగం. ఇంత ఇరుకు సందులో గడ్డ మొలిస్తే ఎవరో ఒకరి గోడ కూలక తప్పదు.

ఇక్కడ వచ్చే గడ్డల్లో పిట్యుటరీలోనే పుట్టే అడెనోమాలు ఎక్కువ. పక్కన పుట్టే క్రేనియోఫారింజియోమా, మెదడు పొరల నుంచి వచ్చే మెనింజియోమా, నీటితిత్తులు తర్వాతి వరసలో ఉంటాయి. వీటిలో అత్యధికం క్యాన్సర్లు కావు. 'క్యాన్సర్ కాదట' అనగానే ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. మనసుకు మాత్రం ఆ ఊరట వెంటనే అందదు. గడ్డ మూడు దారుల్లో మనసును చేరుతుంది. కొన్ని హార్మోన్లను ఎక్కువ చేస్తుంది, కొన్నిటిని ఎండగడుతుంది, ఇరుగుపొరుగును నొక్కుతుంది. వాడే మందులు కొన్నిసార్లు నాలుగో దారి తెరుస్తాయి.

సర్జన్ చెప్పిన మనసు మాట

1910 డిసెంబరులో అమెరికాలోని బాల్టిమోర్‌లో, జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రికి 23 ఏళ్ల యువతి వచ్చింది. వైద్య చరిత్రలో ఆమె పేరు మిన్నీ జి. నెలసరి ఆగిపోయింది. పొట్ట, మొహం ఉబ్బాయి. చర్మం మీద ఊదారంగు చారలు. తలనొప్పి, నిద్రలేమి. ఆమెను పరీక్షించినాయన హార్వీ కుషింగ్, నాడీ శస్త్రచికిత్సకు ఆద్యుల్లో ఒకరు. 1912లో పిట్యుటరీ జబ్బుల మీద తెచ్చిన పుస్తకంలో ఆమె కథ రాశారు. పిట్యుటరీలో పుట్టే చిన్న గడ్డలు ఇంత పని చేయగలవని ఆయన తేల్చి రాయడానికి మరో ఇరవై ఏళ్లు, అంటే 1932 దాకా పట్టింది.

అంతకన్నా తక్కువ మందికి తెలిసిన సంగతి ఇంకోటుంది. 1913లో కుషింగ్ మానసిక వైద్యుల పత్రికలో ఒక వ్యాసం రాశారు. వినాళ గ్రంథులు చెడితే మనసు ఎలా చెదురుతుందన్నది విషయం. రోజువారీ జీవితంలో మనసు పడే ఒడిదుడుకుల్లో చాలావాటికి ఈ గ్రంథుల స్రావాలే కారణం కావచ్చని అందులో అన్నారు. వియన్నాలో ఫ్రాయిడ్ కలల్లో, బాల్యంలో మనసు మూలాలు వెతుకుతున్న రోజులవి. కత్తి పట్టే సర్జనేమో రక్తంలో వెతకమన్నారు. గడ్డ ముందా, మనోవ్యాధి ముందా అన్న చిక్కును కూడా ఆయన దాటవేయలేదు.

1939లో కుషింగ్ మరణించాక ఆయన మెదడును పరిశీలించారు. నడిమధ్య, మూడో జఠరిక అనే గదిలో చిన్న తిత్తి కనిపించింది. జీవితమంతా ఇతరుల తలల్లో వెతికిన చోటుకు ఆమడ దూరంలో కూడా కాదు, ఆ పక్కనే.

నిద్రపోనివ్వని కార్టిసోల్

ప్రమాదం ఎదురైనప్పుడు ఒంటిని సిద్ధం చేసే హార్మోన్ కార్టిసోల్. తెల్లవారుజామున పెరిగి, రాత్రికి తగ్గాలి. పిట్యుటరీలో కొన్ని మిల్లీమీటర్ల గడ్డ మొలిచి అడ్రినల్ గ్రంథులను అదేపనిగా తరుముతుంటే ఆ తగ్గడం ఉండదు. ఇంటి సైరన్ ఆగకుండా మోగుతున్నట్టే. కుషింగ్స్ జబ్బు ముదిరినవాళ్లలో సగం మందికో, అంతకన్నా ఎక్కువమందికో కుంగుబాటు ఉంటుందని అధ్యయనాలు చెబుతున్నాయి. చిరాకు, ఆందోళన, నిద్రలేమి, మతిమరుపు దానికి తోడు. కొందరిలో భ్రమలు, అనుమానాలూ వస్తాయి. జ్ఞాపకాల గది అయిన హిప్పోక్యాంపస్ ఈ జబ్బులో కుంచించుకుపోతుంది. చికిత్స తర్వాత కొంత కోలుకుంటుంది.

ఇదే బొమ్మ గడ్డ లేకుండానూ కనిపిస్తుంది. నిజానికి కుషింగ్స్ లక్షణాలకు అన్నిటికన్నా మామూలు కారణం బయటినుంచి ఒంట్లోకి వెళ్లే స్టెరాయిడ్లే. కీళ్లనొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ పొడిచే ఇంజెక్షన్, ఆయాసానికి ఎవరో ఇచ్చే పేరులేని పొడి, 'నాలుగు రోజుల్లో ఒళ్లొస్తుంది' అనే మాత్ర, వీటిలో ఏముందో తెలుసుకోకుండా తల స్కానింగుకు పరిగెత్తి లాభం లేదు. అలాగని ఆ మాత్రలను ఒక్కరోజులో మానేసినా ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

కప్పకూ కోపమే, పాముకూ కోపమే

హార్మోన్లు చేసే పిట్యుటరీ గడ్డల్లో ఎక్కువగా కనిపించేది ప్రొలాక్టినోమా. ఆడవాళ్లలో నెలసరి తప్పుతుంది, బిడ్డకు పాలివ్వనివాళ్లకూ పాలు కారతాయి. మగవాళ్లలో కోరిక చచ్చిపోతుంది. ఆ మాట బయటికి చెప్పుకోలేక, తలనొప్పి ముదిరి, చూపు తగ్గాక గానీ ఆసుపత్రికి రారు. అప్పటికి గడ్డ పెద్దదై ఉంటుంది. ఈలోగా భార్యాభర్తల మధ్య ఎన్ని అపార్థాలు మొలిచి ఉంటాయో లెక్కలేదు.

మంచి కబురేమిటంటే, దీనికి చాలామందిలో ఆపరేషన్ అక్కర్లేదు. పాలు పడేలా చేసే హార్మోన్ ప్రొలాక్టిన్‌కు సహజమైన కళ్లెం డోపమైన్. దాని పని చేసే క్యాబర్గోలిన్ మాత్రను సాధారణంగా వారానికి ఒకటి రెండుసార్లు వేసుకుంటే గడ్డ కుదించుకుపోతుంది. చిక్కంతా కూడా ఆ డోపమైన్ దగ్గరే. మెదడులో ఆశకు, ఆటకు, 'ఇంకొక్కసారి' అనే తపనకు ఇంధనం అదే. ఈ మాత్రలు వాడేవాళ్లలో కొందరికి జూదం, కొనుగోళ్లు, శృంగార వాంఛ అదుపు తప్పుతాయి. పేక ముక్క ముట్టనివాడు అర్ధరాత్రి ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైతే, 'చెడు సావాసం' అంటాం గానీ వారం వారం వేసుకునే మాత్రను అనుమానించం. అరుదుగా కొందరికి మతిభ్రమణం కూడా కలగవచ్చు. మందు మొదలుపెట్టేటప్పుడే రోగితోపాటు ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్పి ఉంచాలి. మోతాదు తగ్గిస్తే, ఆపేస్తే సాధారణంగా ఆ యావ తగ్గుతుంది. ఆ నిర్ణయం డాక్టరుది.

ఇప్పుడు దీన్నే తిరగేసి చూడండి. స్కిజోఫ్రీనియా వంటి జబ్బులకు వాడే మందుల్లో చాలావరకు డోపమైన్‌ను అడ్డుకుంటాయి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ వంటివి ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతాయి. దాంతో నెలసరి ఆగిపోతుంది. పాలు కారుతున్నాయని సిగ్గుపడి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసిన ఆడపిల్లకు పాత జబ్బు తిరగబెడుతుంది. ప్రొలాక్టినోమా, మతిభ్రమణం రెండూ ఒకే మనిషికి ఉంటే డాక్టర్ల పరిస్థితి మన సామెతే. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ప్రొలాక్టిన్‌ను అంతగా కదిలించని మందులు ఉన్నాయి కాబట్టి దారి దొరుకుతుంది. కాకపోతే హార్మోన్ల డాక్టరు, మానసిక వైద్యుడు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.

అన్నట్టు, కడుపుబ్బరానికి వాడే గ్యాస్ మాత్రల్లో లెవోసల్‌పిరైడ్ గానీ, డాంపెరిడోన్ గానీ ఉంటే అవి కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. రక్తపరీక్షలో అంకె ఎక్కువొచ్చిందని బెంబేలెత్తే ముందు మందుల డబ్బా తెచ్చి డాక్టరు బల్ల మీద కుమ్మరించాలి.

కుంభకర్ణుడని వెక్కిరించకండి

క్రేనియోఫారింజియోమా అరుదైన గడ్డ. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరిద్దరికి మించి రాదు. రెండు వయసుల్లో ఎక్కువ: పిల్లల్లో ఒకసారి, యాభై దాటాక మరోసారి. 1904లో వియన్నా శాస్త్రజ్ఞుడు యాకోబ్ ఎర్డ్‌హైమ్ దీని పుట్టుక గురించి రాశారు. ఇప్పుడు వాడే పేరును వాడుకలోకి తెచ్చింది కుషింగే.

ఈ గడ్డ హైపోథలామస్‌ను అంటిపెట్టుకుని పెరుగుతుంది. తీసేటప్పుడు కూడా దాన్ని గాయపరిచే ప్రమాదం ఉంది. అక్కడ దెబ్బ తగిలితే 'చాలు' అనే మాట కడుపు నుంచి మెదడుకు అందదు. భోజనం చేసి లేచిన పెద్దాయన పది నిమిషాల్లో మళ్లీ గిన్నెలు వెతుకుతాడు. ఇంట్లోవాళ్లు ఫ్రిజ్‌కు తాళం వేస్తారు. తాళం వేశారని ఆయన అరుస్తాడు. పగలంతా కునుకు, రాత్రంతా మెలకువ. నిన్న వచ్చిన బంధువు ఎవరో గుర్తుండదు. తిని పడుకునేవాణ్ని కుంభకర్ణుడని వెక్కిరించడం మనకు అలవాటు. ఇక్కడ ఆకలికి, నిద్రకు ఉన్న మీటలే విరిగిపోయాయి. ఆయన తింటున్నది సిగ్గులేక కాదు. తిన్నానన్న కబురు అందక తింటున్నాడు.

అందుకే ఇప్పుడు సర్జన్లు గడ్డను పూర్తిగా పెకలించాలని పంతం పట్టడం తగ్గించారు. హైపోథలామస్‌కు అంటుకున్న ముక్కను వదిలేసి రేడియేషన్ ఇస్తున్నారు. పెద్దల్లోనే ఎక్కువగా వచ్చే ఒక రకంలో బీరాఫ్ అనే జన్యువులో మార్పు ఉంటుందని తేలాక మందుల దారీ తెరుచుకుంది. ఆ మార్పు ఉన్న 16 మందికి వెమురాఫెనిబ్, కోబిమెటినిబ్ అనే రెండు మందులు కలిపి ఇస్తే 15 మందిలో గడ్డ బాగా తగ్గిందని 2023లో వెలువడిన పరిశోధన చెప్పింది. సంఖ్య చిన్నదే. కానీ హైపోథలామస్‌ను ముట్టుకోకుండా గడ్డను కరిగించడమంటే, ఆ మనిషిని మనిషిగా మిగల్చడమే.

టీఎస్‌హెచ్ నార్మలే... మరి మనిషో?

కొన్ని గడ్డలు హార్మోన్లు చేయవు. పెరుగుతూ పిట్యుటరీని చిదిమేస్తాయి. అప్పుడు కోపం ఉండదు, ఏడుపు ఉండదు. మనిషిలో ఉలుకూ పలుకూ తగ్గిపోతాయి. పండక్కి మనవలు వచ్చినా లేచి పలకరించడు. చలి అంటాడు, నీరసం అంటాడు, ఆకలి లేదంటాడు. 'పెన్షనొచ్చాక బద్ధకం' అని ఇల్లు సర్దుకుంటుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే కుంగుబాటుకు మందు రాస్తారు. అది పూర్తిగా పని చేయదు.

ఇక్కడో చిన్న ఉచ్చు ఉంది. నీరసమంటే మనం థైరాయిడ్ చూపించుకుంటాం. చాలాచోట్ల టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తారు. టీఎస్‌హెచ్‌ను చేసేదే పిట్యుటరీ. హుకుం జారీచేసేవాడే మంచాన పడితే, ఆ అంకె నార్మల్‌గా వస్తూనే థైరాయిడ్ పడిపోతుంది. థైరాయిడ్ హార్మోన్ ఫ్రీ టీ4 కూడా చూస్తే గానీ దొంగ దొరకడు. కార్టిసోల్ కూడా తగ్గిందేమో చూసుకోవాలి. అది చూడకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ప్రమాదం. కార్టిసోల్ పడిపోయినవాళ్లకు రక్తంలో సోడియం తగ్గి, ఉన్నట్టుండి పలవరింతలు, అయోమయం కలగవచ్చు. అది గాలి సోకడం కాదు, ఎమర్జెన్సీ.

గడ్డ లేకుండానే పిట్యుటరీ ఎండిపోయే కథ కూడా ఒకటుంది. కాన్పులో విపరీతంగా రక్తం పోయిన తల్లుల్లో ఈ గ్రంథి దెబ్బతింటుందని 1937లో హెరాల్డ్ షీహన్ వివరించారు. పాలు పడవు, నెలసరి మళ్లీ రాదు, ఏళ్లు గడిచేకొద్దీ మనిషి మొద్దుబారిపోతుంది. 'బాలింత గుణం' అని వదిలేసిన అమ్మమ్మల్లో అలాంటివాళ్లు ఎందరో!

అద్దంలో కొత్త మొహం

ఎదుగుదల హార్మోన్ పెద్దల్లో ఎక్కువైతే అక్రోమెగలీ. 1886లో ఫ్రెంచి వైద్యుడు పియెర్ మరీ దీనికి పేరు పెట్టారు. దవడ, ముక్కు, చేతులు, పాదాలు అంగుళం అంగుళం పెరుగుతాయి. పెళ్లినాటి ఉంగరం దూరదు, చెప్పుల సైజు మారుతుంది. కుస్తీ తెర మీద అందరికీ తెలిసిన గ్రేట్ ఖలీకి 2012లో పిట్యుటరీ గడ్డను తొలగించారు. తెర మీద అలాంటి ఒళ్లు ఆకర్షణ. వీధిలో అదే ఒంటిని తెలియనివాళ్లు తేరిపార చూస్తారు. దాంతో ఈ జబ్బు ఉన్నవాళ్లు పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తారు, ఫొటోల్లోంచి తప్పుకుంటారు. దానికితోడు గురక జబ్బు నిద్రను తినేస్తుంది. ఈ జబ్బులో వచ్చే కుంగుబాటుకు హార్మోనే కాదు, అద్దం కూడా కారణం. స్విట్జర్లాండ్ మానసిక వైద్యుడు మాన్‌ఫ్రెడ్ బ్లాయ్‌లర్ 1954లో గ్రంథులకు, మనసుకు ఉన్న చుట్టరికం మీద ఏకంగా ఒక గ్రంథమే తెచ్చారు. గ్రంథి ఏదైనా, చెడినప్పుడు ఉత్సాహం, కోరికలు, ఉద్రేకాలు ఒకే తీరున అదుపు తప్పుతాయన్నది ఆయన గమనింపు.

గడ్డ పోయింది, దిగులు పోలేదు

1907లో ఆస్ట్రియాలో హెర్మన్ ష్లోఫర్ ముక్కు దారిన వెళ్లి పిట్యుటరీ గడ్డను తీశారు. దారి అదే, పనిముట్లు మారాయి. ఇప్పుడు ఎండోస్కోపు ముక్కులోంచి వెళ్తుంది. కపాలం తెరవకుండానే చాలా గడ్డలు తీస్తున్నారు. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్‌లో హార్మోన్ల విభాగం, న్యూరో సర్జరీ రెండూ ఉన్నాయి. చూపు కొందరికి రోజుల్లోనే మెరుగుపడుతుంది.

మనసు అంత తొందరగా రాదు. కుషింగ్స్ గడ్డ తీసేశాక కార్టిసోల్ ఒక్కసారిగా పడిపోతుంది. ఒళ్లునొప్పులు, నిస్సత్తువ, నెలల తరబడి దిగులు. 'ఆపరేషన్ సక్సెస్ అన్నారు కదా, ఇంకా ఏంటి?' అనే మాట సరిగ్గా అప్పుడే మొదలవుతుంది. హార్మోన్లు కుదుటపడ్డాక కూడా కొందరికి మతిమరుపు, ఆందోళన మిగులుతాయి. కాబట్టి కుంగుబాటుకు మందు, మాటల చికిత్స అప్పుడూ కావాలి. గడ్డ ఉందని మనసు వైద్యం మానకూడదు, మనసు వైద్యం జరుగుతోందని గడ్డను మరవకూడదు.

ఇందుకు మన దగ్గర అడ్డొచ్చేది పరీక్షల ఖర్చు ఒక్కటే కాదు, ఒక వెక్కిరింత. మానసిక ఆసుపత్రులున్నందుకు హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో వాల్తేరు ఊరి పేర్లుగా కన్నా తిట్లుగానే ఎక్కువ తిరుగుతాయి. తలలో గడ్డ అంటే అయ్యో అంటారు, అదే తలలో దిగులంటే నవ్వుతారు. మానసిక వైద్యుడి గడప తొక్కడానికి వెనకాడేవాళ్లు కనీసం 14416కు ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఈ టెలీ మానస్ సేవలో తెలుగులోనే మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు ఆ ఫోన్ రేపటికి వాయిదా వేయకూడదు.

అందరికీ స్కానింగా?

అక్కర్లేదు. కుంగుబాటు చాలా మామూలు జబ్బు, ఈ గడ్డలు దాని వెనక ఉండటం అరుదు. పైగా ఏ బాధా లేనివాళ్లను ఎమ్మారై చేసినా పది మందిలో ఒకరికైనా పిట్యుటరీలో చిన్న మచ్చ కనిపించవచ్చు. చాలావరకు అవి జీవితాంతం ఊరకే ఉంటాయి. లక్షణాలతో బయటపడే పిట్యుటరీ గడ్డలు సుమారు వెయ్యి మందిలో ఒకరికి ఉంటాయని బెల్జియంలో చేసిన లెక్క. అందుకే ముందు కావాల్సింది యంత్రం కాదు, ప్రశ్న.

మనసు బాగోలేదని వచ్చినవాళ్లను అడగాల్సినవి

• ఉంగరం, చెప్పుల సైజు మారిందా? పాత ఫొటోతో పోలిస్తే మొహం మారిందా?

• నెలసరి ఆగిందా? పాలు కారుతున్నాయా? మగవాళ్లలో కోరిక తగ్గిందా?

• నడుం పెరిగి చేతులు, తొడలు సన్నబడ్డాయా? ఊదారంగు చారలు, ఊరికే కమిలే చర్మం ఉన్నాయా?

• పక్కనుంచి వచ్చే బండి కనబడటం లేదా? తలుపు రెక్కలకు భుజం తగులుతోందా?

• దాహం, మూత్రం విపరీతంగా పెరిగాయా? కొత్తగా తలనొప్పి మొదలైందా?

• స్టెరాయిడ్లు, గ్యాస్ మాత్రలు, పొడులు ఏమైనా వాడుతున్నారా?

గడ్డకు వైద్యం పొందుతున్నవాళ్లను అడగాల్సినవి

• నిద్ర ఎలా ఉంది? ఇష్టమైన పనుల మీద మనసు పోతోందా?

• కోపం, ఏడుపు, అనుమానం కొత్తగా వచ్చాయా?

• జూదం, కొనుగోళ్లు, ఆన్‌లైన్ ఆటలు అదుపు తప్పుతున్నాయా?

• బతకాలనిపించడం లేదా? (ఈ ప్రశ్న అడిగినంత మాత్రాన ఎవరికీ ఆ ఆలోచన పుట్టదు.)

• స్టెరాయిడ్ మాత్రను డాక్టరు చెప్పకుండా మానకూడదని ఇంట్లోవాళ్లకు తెలుసా?

ఈ పట్టికలో పెద్ద చదువులు కావాల్సిన ప్రశ్న ఒక్కటీ లేదు. ఆ ఇల్లాలి విషయంలో అందులో ఒకదాన్ని ఎవరో ఏడాది ముందే అడిగేశారు కూడా. నడుం పెరిగి చేతులెందుకు సన్నబడ్డాయని అడిగిన ఆవిడ మెళ్లో స్టెతస్కోపు లేదు, కొలత టేపు ఉంది.